ప్రీస్ట్రెస్ బీమ్ సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం ఎలా: సున్నాతో మొదలుపెట్టండి

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకి ఫోన్ మోగింది. ఔటర్ రింగ్ రోడ్డు అవతల మేం డిజైన్ చేసిన ఒక ఫ్లైఓవర్ సైటు నుంచి. అది ప్రీస్ట్రెస్ వంతెన, అంటే స్టీల్ కేబుళ్లని లాగి బిగించి కాంక్రీట్‌ని ముందే నొక్కి ఉంచే రకం. 30 మీటర్ల స్పాన్లు (సపోర్టుకీ సపోర్టుకీ మధ్య దూరాలు) మూడు, ఆ చివరి నుంచి ఈ చివరికి 90 మీటర్ల కేబుల్, రెండు వైపులా జాక్ పెట్టి లాగుతున్నారు. "మేడమ్, ఒక్కో వైపు 292 మిల్లీమీటర్లు సాగాలని మీ షీట్‌లో ఉంది. 281 దగ్గరే కావాల్సిన ప్రెషర్ వచ్చేసింది. ఐదు శాతం లోపలే కదా, లాక్ చేసేయమంటారా?" అని అడిగాడు స్ట్రెస్సింగ్ చూస్తున్న ఇంజనీరు.

లిమిట్ లోపలే ఉన్న మాట నిజం. అయినా అంతకుముందు లాగిన కేబుళ్ల రీడింగులు కూడా చదవమన్నాను. 282, 280, 283, 281. ఒక్కటంటే ఒక్కటి 292 దాటలేదు. సైటులో చేతి పొరపాట్లు ఒకసారి ఎక్కువ చూపిస్తాయి, ఇంకోసారి తక్కువ చూపిస్తాయి. అన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే మోతాదులో తగ్గాయంటే తప్పు జాక్‌లో ఉండాలి, లేదా నా లెక్కలో ఉండాలి. జాక్ కాలిబ్రేషన్ అప్పుడే అయింది. పని ఆపించి, ఆ రాత్రి సికింద్రాబాద్‌లోని మా ఆఫీసులో మోడల్ తెరిచి మొదటి ఇన్‌పుట్ నుంచి చూసుకుంటూ వచ్చాను. పదకొండు దాటాక దొరికింది. ఫ్రిక్షన్ (రాపిడి) దగ్గర ఒకే ఒక్క అంకె. సాఫ్ట్‌వేర్ కూడికలో తప్పు చెయ్యలేదు. అది అడిగింది ఒకటి, నేను ఇచ్చింది ఇంకొకటి. ఆ అంకె వల్ల కేబుల్ మధ్యలో ఉండే ఫోర్స్ మేం అనుకున్నదానికన్నా ఏడు శాతం తక్కువని తేలింది. డమ్మీ డక్టులు (అవసరమైతే కేబుల్ వెయ్యడానికి ఉంచే ఖాళీ గొట్టాలు) వదిలిపెట్టి ఉండబట్టి అదనంగా కేబుల్ వేసి సర్దుకోగలిగాం. గ్రౌటింగ్ (డక్టుల్లో సిమెంటు పాలు నింపడం) అయిపోయాక ఈ సంగతి తెలిసి ఉంటే ఏం చేసేవాళ్లమో ఆలోచించడానికి కూడా నాకు ఇష్టం లేదు.

అప్పటి నుంచి మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా, ఏ కొత్త వెర్షన్ వచ్చినా, అసలు ప్రాజెక్టు తెరిచే ముందు ఒక చిన్న బీమ్‌ని దాని చేత చేయిస్తాం. జవాబు మాకు ముందే తెలిసిన బీమ్. ఆ పరీక్షలు ఎలా చెయ్యాలో, తేడా వస్తే ఎక్కడ వెతకాలో ఇక్కడ రాస్తున్నాను. కాలిక్యులేటర్, ఒక తెల్ల కాగితం, ఒక పూట టైమ్ ఉంటే చాలు.

పరీక్షకి పెట్టే బీమ్

చేతిలెక్కకి సులువుగా ఉండేలా అంకెలు ఎంచుకోండి. మేం వాడేది ఇది. స్పాన్ 20 మీటర్లు, రెండు చివర్లా మామూలు సపోర్టులు, ఒకటి పిన్, ఇంకోటి రోలర్. అర మీటరు వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉన్న దీర్ఘచతురస్రం సెక్షన్. ఏరియా 0.6 చదరపు మీటర్లు, మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (సెక్షన్ వంపుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) 0.072, సెక్షన్ మాడ్యులస్ (మొమెంట్‌ని దీనితో భాగిస్తే అంచు స్ట్రెస్ వస్తుంది) 0.12. కాంక్రీట్ ఘనపు మీటరుకి 25 కిలోన్యూటన్లు అనుకుంటే సొంత బరువు మీటరుకి సరిగ్గా 15 కిలోన్యూటన్లు.

కేబుల్ ఒక్కటే. రెండు చివర్లా సెంట్రాయిడ్ (సెక్షన్ నడిమి బిందువు) దగ్గర మొదలై, మధ్యలో 400 మిల్లీమీటర్లు కిందికి దిగే పారబోలా. ఫోర్స్ 1875 కిలోన్యూటన్లు. 15.2 మిల్లీమీటర్ల స్ట్రాండ్లు (మెలితిప్పిన స్టీల్ తీగలు) 10 వేసుకోండి. ఒక్కోటి 140 చదరపు మిల్లీమీటర్లు, మొత్తం 1400. అప్పుడు స్ట్రెస్ 1339 మెగాపాస్కల్, స్ట్రాండ్ తెగే బలంలో 72 శాతం. అంటే నిజం బీమ్‌లో కూడా వచ్చే అంకెలే.

1875 ఎందుకో చెప్తాను. పారబోలా కేబుల్ కాంక్రీట్‌ని పైకి నెడుతుంది. ఆ నెట్టుడు ఎంతో తెలియాలంటే ఫోర్స్‌ని 8తోనూ మధ్యలోని దిగుడుతోనూ గుణించి, స్పాన్ వర్గంతో భాగించాలి. 8 ఇంటూ 1875 ఇంటూ 0.4, బై 400. జవాబు 15. సొంత బరువు కిందికి 15, కేబుల్ పైకి 15. ఇంజనీరు టి.వై. లిన్ 1963లో లోడ్ బ్యాలెన్సింగ్ అని చెప్పింది ఇదే. బీమ్ తన బరువు తనకి తెలియనట్టు నిలబడుతుంది. వంగదు, పైకి లేవదు, అన్ని చోట్లా ఒకే కంప్రెషన్: 1875ని 0.6తో భాగిస్తే 3.125 మెగాపాస్కల్.

మొదటి పరీక్ష: అన్నీ సున్నాలు

ఫ్రిక్షన్ సున్నా, వెడ్జ్ స్లిప్ (కేబుల్‌ని పట్టి ఉంచే చీలలు జారడం) సున్నా, క్రీప్ (ఒత్తిడి కింద కాంక్రీట్ కాలంతో కుదించుకోవడం), ష్రింకేజ్ (కాంక్రీట్ ఆరుతూ కుంచించుకుపోవడం), రిలాక్సేషన్ (లాగి ఉంచిన స్టీల్ మెల్లగా వదులవడం) అన్నీ సున్నా పెట్టండి. సొంత బరువు, ప్రీస్ట్రెస్ మాత్రం కలిపి రన్ చెయ్యండి. రన్ కొట్టే ముందు జవాబులు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. స్క్రీన్ మీద అంకె కనిపించాక చేసే చేతిలెక్క ఆ అంకె వైపే జారుతుంది. నా చేత్తో నేనే అలా చేసిన రోజులున్నాయి.

మొమెంట్ (వంచే ప్రభావం) అన్ని చోట్లా సున్నా, మధ్యలో డిఫ్లెక్షన్ (వంగిన దూరం) సున్నా, పైనా కిందా 3.125. ఇది రావాలి. సరిగ్గా రాదు, కొంచెం అటూ ఇటూ వస్తుంది. ఆ కొంచెం ఎక్కడి నుంచి వచ్చిందో వివరించగలిగినప్పుడే పరీక్ష పాసైనట్టు. "దాదాపు వచ్చింది కదా" అని ముందుకు పోతే పరీక్ష పెట్టిన ఫలితం పోతుంది.

నేను ఎక్కువగా చూసే తేడాలు మూడు. మొదటిది బరువు. సాఫ్ట్‌వేర్‌కి సాంద్రత 2500 కిలోలు అని ఇచ్చి ఉంటే అది 9.81తో గుణించి 24.525 చేస్తుంది. అప్పుడు సొంత బరువు 14.715, కేబుల్ మీటరుకి 0.285 ఎక్కువ నెడుతుంది, మధ్యలో 14 కిలోన్యూటన్ మీటర్ల మొమెంటు, స్ట్రెస్‌లో 0.12 మెగాపాస్కల్ తేడా వస్తుంది. రెండోది కేబుల్ వాలు. చివర్ల దగ్గర కేబుల్ 0.08 రేడియన్ల వాలుతో బయల్దేరుతుంది కాబట్టి అడ్డంగా పనిచేసే ఫోర్స్ 1875 కాదు, 1869. అక్కడ స్ట్రెస్ 3.115 వస్తే అది తప్పు కాదు, మన చేతిలెక్క కన్నా అదే ఎక్కువ సరైనది. మూడోది డక్ట్. 85 మిల్లీమీటర్ల డక్ట్ ఏరియాని సెక్షన్ నుంచి తీసేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఏరియా దాదాపు ఒక శాతం తగ్గుతుంది, సెంట్రాయిడ్ కూడా కొంచెం పైకి జరుగుతుంది. మొదటి పరీక్షకి దాన్ని ఆఫ్ చెయ్యండి. తర్వాత ఆన్ చేసి ఎంత మారిందో చూడండి.

డిఫ్లెక్షన్ సున్నాకి బదులు 26, 27 మిల్లీమీటర్లు వచ్చిందా? కేబుల్ సెంట్రాయిడ్‌కి పైన పడింది. ఎక్సెంట్రిసిటీ (సెంట్రాయిడ్ నుంచి కేబుల్ దూరం) ప్లస్ అంటే పైకా కిందికా అన్నది ఒక్కో ప్రోగ్రాములో ఒక్కో రకం. కంప్రెషన్‌కి ప్లస్సా మైనస్సా అన్నది కూడా అంతే. ఈ రెండు గుర్తులు ఏవో ఈ పరీక్షలోనే కాగితం మీద రాసేసుకోండి, ఇక ప్రాజెక్టులో తడబాటు ఉండదు.

తర్వాత లైవ్ లోడ్ (వాహనాల్లాంటి, వచ్చిపోయే బరువు) మీటరుకి 20 వేసి ఒకసారి చూడండి. మొమెంట్ 1000, స్ట్రెస్ మార్పు 8.33, పైన 11.46 కంప్రెషన్, కింద 5.21 టెన్షన్. ఎం40 (40 మెగాపాస్కల్ బలమున్న) కాంక్రీట్‌కి ప్రీస్ట్రెస్ కోడ్ ఐఎస్ 1343 సూత్రంతో ఎలాస్టిక్ మాడ్యులస్ (గట్టిదనం కొలత) 31,623 మెగాపాస్కల్, డిఫ్లెక్షన్ 18.3 మిల్లీమీటర్లు. 17.5 వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ వంతెనల కోడ్ ఐఆర్‌సీ 112 ఇచ్చే 33 గిగాపాస్కల్ తీసుకుంది. 18.45 వచ్చిందంటే షియర్ (అడ్డంగా కోసే బలం) వల్ల వచ్చే వంపు కూడా కలుపుతోంది, అది మంచిదే.

ఫ్రిక్షన్: నేను దెబ్బతిన్న చోటు

ఇక్కడ తొందరపడకండి. కేబుల్‌ని లాగినప్పుడు డక్ట్ గోడకి రాసుకుని ఫోర్స్ తగ్గుతుంది. రెండు కారణాలు. కేబుల్‌ని కావాలని వంచిన వంపు ఒకటి, దాని గుణకం మ్యూ. డక్ట్ తిన్నగా ఉండకపోవడం రెండోది, దాని గుణకం కే. స్ట్రెస్సింగ్‌కి ముందు మీరెప్పుడైనా రీఇన్‌ఫోర్స్‌మెంట్ కేజ్ లోపలికి వంగి చూసి ఉంటే కే అంటే ఏమిటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. డ్రాయింగ్‌లో నున్నగా గీసిన గీత అక్కడ సపోర్ట్ కడ్డీకీ కడ్డీకీ మధ్య కొంచెం కొంచెం జారి, పాము నడిచినట్టు ఉంటుంది. కాంక్రీట్ పోసేటప్పుడు వైబ్రేటర్ తగిలి ఇంకాస్త కదులుతుంది.

మన ఐఆర్‌సీ 112లో ముడతల హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) డక్ట్‌కి మ్యూ 0.17, కే మీటరుకి 0.0020. అక్కడ ఈ రెండిటినీ విడివిడిగా లెక్కించి కలుపుతారు: మ్యూ ఇంటూ కోణం, ప్లస్ కే ఇంటూ పొడవు. యూరోకోడ్ పద్ధతి వేరు. అక్కడ కే అంటే మీటరుకి ఇన్ని రేడియన్ల అనుకోని కోణం. దాన్ని అసలు కోణానికి కలిపాక, మొత్తాన్ని మ్యూతో గుణిస్తారు. పేరు రెండు చోట్లా ఒకటే, కే. డైలాగ్ బాక్స్‌లో కూడా అంతే రాసి ఉంటుంది. నేను మన కోడ్‌లోని 0.0020ని యూరోకోడ్ లెక్క చేసే పెట్టెలో టైప్ చేశాను. అది దాన్ని మళ్లీ 0.17తో గుణించింది. డక్ట్ వంకరల వల్ల వచ్చే లాస్ ఆరో వంతుకి పడిపోయింది. ఆ పెట్టెలో రాయాల్సింది 0.0020 బై 0.17, అంటే 0.01176.

మన చిన్న బీమ్‌లో దీన్ని పట్టుకోవడం సులువు. ఒక వైపు నుంచే లాగుతున్నట్టు పెట్టండి. చివరి నుంచి చివరికి కోణం మొత్తం 0.16 రేడియన్లు. 0.17 ఇంటూ 0.16 అంటే 0.0272, దానికి 0.002 ఇంటూ 20 అంటే 0.04 కలిపితే 0.0672. ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే అవతలి చివర మిగిలేది 93.5 శాతం, 1753 కిలోన్యూటన్లు. స్క్రీన్ మీద 1812 దాకా కనిపిస్తే, 96.7 శాతం మిగిలితే, మీది కూడా నా తప్పే. 20 మీటర్లలో అది మూడు శాతం తేడాగానే ఉంటుంది. 120 మీటర్ల కేబుల్ అయితే వంకరల లాస్ ఒక్కటే 21 శాతం ఉండాల్సింది 4 శాతంగా కనిపిస్తుంది.

కోణం కూడా చూడండి. కొన్ని ప్రోగ్రాములు నిలువు వంపు మాత్రమే లెక్కిస్తాయి, ప్లాన్‌లో కేబుల్ పక్కకి తిరిగే కోణం కలపవు. మన బీమ్‌లో కేబుల్‌ని పక్కకి కూడా 100 మిల్లీమీటర్లు వంచి ఒకసారి రన్ చెయ్యండి. అవతలి చివర ఫోర్స్ కొంచెమైనా తగ్గాలి. తగ్గకపోతే ఆ ప్రోగ్రాముకి పక్క వంపు కనపడటం లేదన్నమాట.

ఎలాంగేషన్ (కేబుల్ సాగే పొడవు) కూడా ఇక్కడే సరిచూసుకోండి. సగటు ఫోర్స్ 1814, దాన్ని 20 మీటర్లతో గుణించి, స్టీల్ 195 గిగాపాస్కల్ ఇంటూ 1400 చదరపు మిల్లీమీటర్లతో, అంటే 2,73,000 కిలోన్యూటన్లతో భాగిస్తే 133 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంకె డిజైన్ కాగితాన్నీ సైటులో టేపునీ కలుపుతుంది. అందుకే దాని మీద నాకింత పట్టు.

వెడ్జ్ జారడం

జాక్ వదలగానే వెడ్జ్‌లు లోపలికి లాక్కుపోతాయి, సుమారు 6 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ ఆరు మిల్లీమీటర్లు కేబుల్ మొత్తం మీద సమానంగా పంచుకోవు. ఫ్రిక్షన్ ఇప్పుడు వ్యతిరేక దిశలో అడ్డుపడుతుంది కాబట్టి ప్రభావం కొంత దూరం దాకానే ఉంటుంది. మన బీమ్‌లో ఫ్రిక్షన్ మీటరుకి 6.09 కిలోన్యూటన్లు తినేస్తోంది. 0.006ని 2,73,000తో గుణించి 6.09తో భాగించి వర్గమూలం తీస్తే 16.4 మీటర్లు. జాక్ వైపు తగ్గేది 2 ఇంటూ 6.09 ఇంటూ 16.4, అంటే 200 కిలోన్యూటన్లు. కాబట్టి లాక్ అయ్యాక జాక్ వైపు 1675, మధ్యలో 1735, అవతలి చివర ముందున్న 1753యే. ఫోర్స్ గ్రాఫ్ జాక్ దగ్గర కిందుండి, లోపలికి వెళ్తూ పైకెక్కి, 16.4 మీటర్ల దగ్గర శిఖరం తాకి, మళ్లీ దిగాలి. కేబుల్ పొడవునా సమానంగా తగ్గించే ప్రోగ్రాము అయితే దాన్ని పక్కన పెట్టండి.

ఇప్పుడు ఫ్రిక్షన్‌ని సున్నా చేసి స్లిప్‌ని ఉంచండి. 6 మిల్లీమీటర్లు 20 మీటర్ల మీద సమానంగా పరుచుకుని అన్ని చోట్లా 82 కిలోన్యూటన్లు తగ్గాలి. కొన్ని ప్రోగ్రాములు ఇక్కడ సున్నాతో భాగించబోయి ఏదో ఒక వింత అంకె చూపిస్తాయి. నిజం ప్రాజెక్టులో ఈ పరిస్థితి రాదు. అయినా ఆ ప్రోగ్రాము లోపల ఏం చేస్తోందో తెలుస్తుంది.

రెండు స్పాన్లు: సెకండరీ మొమెంట్

మన హైదరాబాద్‌లో ఎవరినైనా అడ్రస్ అడగండి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరో మెట్రో పిల్లర్ నంబరో చెప్తారు. ఆ పిల్లర్ పైన బీమ్ ఒక స్పాన్‌తో ఆగిపోతోందా, పక్క స్పాన్‌లోకి అలాగే సాగుతోందా అన్నది కింద నడిచేవాళ్లు పట్టించుకోరు. మనకి మాత్రం అక్కడ లెక్క స్వభావమే మారిపోతుంది. కంటిన్యువస్ బీమ్‌లో కేబుల్ బీమ్‌ని పైకి లేపాలని చూస్తుంది, మధ్య సపోర్ట్ పట్టి ఆపుతుంది. ఆ పట్టు వల్ల వచ్చేదే సెకండరీ మొమెంట్. ప్రీస్ట్రెస్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు ఎక్కువగా దాక్కునేది ఇక్కడే.

అదే సెక్షన్, అదే 1875, 20 మీటర్ల స్పాన్లు రెండు. ఒక్కో స్పాన్‌లో 400 దిగే పారబోలా, మధ్య సపోర్ట్ మీద కేబుల్ సెంట్రాయిడ్ దగ్గరే. మళ్లీ లాస్‌లన్నీ సున్నా. సొంత బరువుతో కలిపితే ఇక్కడ కూడా మొమెంట్ అంతటా సున్నాయే. ఇప్పుడు ప్రీస్ట్రెస్‌ని మాత్రమే విడిగా చూడండి. మధ్య సపోర్ట్ దగ్గర కేబుల్ ఎక్సెంట్రిసిటీ సున్నా కాబట్టి ప్రైమరీ మొమెంట్ (ఫోర్స్ ఇంటూ ఎక్సెంట్రిసిటీ) సున్నా. మొత్తం మొమెంట్ మాత్రం సాగింగ్ (కిందికి వంచే) 750. అంటే ఆ 750 అంతా సెకండరీ. అది మధ్య నుంచి రెండు చివర్లకీ తిన్నని గీతలా సున్నాకి దిగాలి. గీత వంగితే ఎక్కడో తప్పుంది, ఎందుకంటే సెకండరీ మొమెంట్ రియాక్షన్ల (సపోర్టుల ఎదురు బలాల) వల్లే పుడుతుంది, మధ్యలో ఇంకే లోడూ లేదు.

రియాక్షన్లు చూడండి. ప్రీస్ట్రెస్ ఒక్కదాని వల్ల చివర్లలో పైకి 37.5, మధ్యలో కిందికి 75. కలిపితే సున్నా. కేబుల్ బీమ్ లోపలి వస్తువు, అది కొత్త బరువు తీసుకురాలేదు. ఏ బ్రిడ్జి మోడల్ నా దగ్గరికి చెకింగ్‌కి వచ్చినా నేను మొదట తెరిచేది ప్రీస్ట్రెస్ లోడ్ కేసు రియాక్షన్ల పట్టిక. మొత్తం సున్నా కాకపోతే ఇక ఆ మోడల్‌లో ఇంకేమీ చూడను, తిరిగి పంపిస్తాను.

దీని తర్వాతి అడుగు నాకు చాలా ఇష్టం. చివర్లని కదపకుండా, స్పాన్లలో వంపు మార్చకుండా, మధ్య సపోర్ట్ దగ్గర మాత్రం కేబుల్‌ని 300 పైకి ఎత్తండి. స్పాన్ మధ్యలో దానంతట అదే 150 లేస్తుంది. దీన్ని లీనియర్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు. మొత్తం మొమెంట్ మారకూడదు, 750 అలాగే ఉండాలి. ప్రైమరీ 562.5 అవుతుంది, సెకండరీ 187.5కి తగ్గుతుంది. ఇప్పుడు 400 దాకా ఎత్తండి. ప్రైమరీ 750, సెకండరీ సున్నా, రియాక్షన్లు మూడూ సున్నా. కేబుల్ బీమ్‌తో ఏ గొడవా పడకుండా కూర్చునే స్థానం అది. కొత్తగా చేరిన పిల్లలకి ఇది చూపించినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. సెకండరీ మొమెంట్ అంటే భయం పోయేది అక్కడే.

అల్టిమేట్ లిమిట్ స్టేట్ (బీమ్ విరిగే స్థితి) కోసం లోడ్లు కలిపే కాంబినేషన్లలో ఒక జాగ్రత్త. సెక్షన్ బలం లెక్కలో కేబుల్ ఇప్పటికే ఉంటుంది. కాబట్టి లోడ్ వైపు ప్రీస్ట్రెస్ మొత్తాన్నీ మళ్లీ వెయ్యకూడదు, సెకండరీని మాత్రమే వెయ్యాలి. మొత్తం వేస్తే కేబుల్‌ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్‌గా తయారుచేసిన కాంబినేషన్ల పట్టికలో ఈ పేరు ఏమని ఉందో కళ్లతో చదవండి.

కాలంతో వచ్చే మార్పులు

ఒక్కొక్కటి విడిగా ఆన్ చెయ్యండి. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ఏది ఎంత తిన్నదో తెలియదు. అన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు పదివేల రోజుల జవాబూ మొదటి రోజు జవాబూ ఒకటే కావాలి. ముందు అది.

తర్వాత క్రీప్ మాత్రమే, కోఎఫిషియంట్ 2. మన బ్యాలెన్స్ అయిన బీమ్‌లో స్ట్రెస్ అంతటా 3.125 కాబట్టి క్రీప్ వల్ల స్టీల్‌లో తగ్గేది 3.125 ఇంటూ 2 ఇంటూ 1,95,000, బై 31,623, అంటే 38.5 మెగాపాస్కల్. సాఫ్ట్‌వేర్ జవాబు దీనికన్నా కొంచెం తక్కువ రావాలి, ఎందుకంటే స్టీల్ వదులైనకొద్దీ కాంక్రీట్ మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. ఎక్కువ వస్తే మాత్రం ఆగండి. ష్రింకేజ్ స్ట్రెయిన్ పది లక్షలకి 300 అని ఇస్తే 58.5 మెగాపాస్కల్, మళ్లీ కొంచెం తక్కువగానే. లో రిలాక్సేషన్ స్ట్రాండ్‌కి 1000 గంటల్లో 2.5 శాతం అన్నది ఐఎస్ 14268 చెప్పే గరిష్ఠం, అదీ తెగే బలంలో 70 శాతం దగ్గర లాగినప్పుడు. ఆ అంకె ఇన్‌పుట్‌లో ఏ పెట్టెలో ఉందో వెతికి చూడండి.

ఫ్రెంచ్ ఇంజనీరు ఫ్రెసినే 1928లో పేటెంట్ తీసుకునే ముందు కూడా ప్రీస్ట్రెస్ ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. మామూలు స్టీల్‌ని కొద్దిగా లాగారు, క్రీప్, ష్రింకేజ్ కలిసి ఆ కొద్ది టెన్షన్‌నీ మింగేశాయి. మన బీమ్‌లో ఆ రెండూ కలిపి 97 మెగాపాస్కల్. 1339లో అది ఏడు శాతం. ఒక 140 లాగి ఉంటే ఏం మిగిలేదో చూసుకోండి.

విడిగా కట్టిన బీముల్ని తర్వాత కలిపి కంటిన్యువస్ చేసే చోట ఇంకో పరీక్ష చెయ్యండి. 20 మీటర్ల విడి బీములు రెండు, ప్రీస్ట్రెస్ లేకుండా సొంత బరువు 15తో. వాటిని మధ్యలో తర్వాత కలిపారు. కలిపిన క్షణంలో మధ్య మొమెంట్ సున్నా. క్రీప్ జరిగేకొద్దీ హాగింగ్ (పైకి వంచే మొమెంట్) పెరుగుతుంది. కలిపాక మిగిలిన క్రీప్ 2 అయితే పాత పద్ధతి లెక్కలో, మొదటి నుంచీ కలిసి ఉంటే వచ్చే 750 ఇంటూ 0.865, అంటే 649. ఏజింగ్ కోఎఫిషియంట్ (కాంక్రీట్ వయసు ప్రభావం కలిపే గుణకం) 0.8తో చేస్తే 577. సాఫ్ట్‌వేర్ ఈ రెండిటి దరిదాపుల్లో ఉండాలి. ఎప్పటికీ సున్నాలోనే ఉండిపోతే కన్‌స్ట్రక్షన్ స్టేజ్ ఆప్షన్ పనిచెయ్యడం లేదు. మొదటి రోజే 750 వస్తే బీములు పుట్టుకతోనే కలిసి ఉన్నాయని అది అనుకుంటోంది.

సాలిడ్ ఎలిమెంట్లు వాడేవాళ్లకి

ఆంకరేజ్ (కేబుల్ చివర పట్టు) దగ్గర, డయాఫ్రమ్ (అడ్డగోడ) దగ్గర వివరంగా చూడాలని సాలిడ్ మోడల్ చేస్తాం, అంటే బీమ్‌ని ఎలిమెంట్లనే చిన్న చిన్న దిమ్మలుగా విడగొట్టి లెక్కించే మోడల్. రంగురంగుల బొమ్మ వస్తుంది, చూడగానే నమ్మాలనిపిస్తుంది. నార్వేలో స్లైప్‌నర్ ఎ అనే ఆయిల్ ప్లాట్‌ఫామ్ కాంక్రీట్ బేస్ 1991 ఆగస్టు 23న సముద్రపాయలో మునిగిపోయింది. సెల్ గోడల దగ్గర ఎలిమెంట్లు సరిగా వెయ్యకపోవడంతో షియర్‌ని 47 శాతం తక్కువ చూపించింది ఆ అనాలిసిస్. గోడకి ఎంత నీటి ఒత్తిడి వస్తుందో, దాని స్పాన్ ఎంతో తెలిసినవాళ్లకి అక్కడి షియర్ చేతిలెక్కకి అందేదే. మీ సాలిడ్ మోడల్‌ని ఒక చోట కోసి, ఆ కోత మీద స్ట్రెస్‌లన్నీ కూడి షియర్, మొమెంట్ ఎంతో తీయండి. బీమ్ మోడల్‌లో అదే చోట ఉన్న అంకెలతో పోల్చండి. తర్వాత మెష్‌ని (ఎలిమెంట్ల అల్లికని) సగానికి చిన్నది చేసి మళ్లీ తీయండి. రెండోసారి అంకె కదిలితే మొదటిది ఇంకా జవాబు కాదు.

ఫైల్‌లో ఏం పెట్టుకోవాలి

ప్రతి పరీక్షకీ ఒక పేజీ చాలు. చేతిలెక్క, సాఫ్ట్‌వేర్ జవాబు, తేడా, ఆ తేడాకి కారణం. కారణం గడి ఖాళీగా ఉండకూడదు. తేడా ఎంత దాకా ఒప్పుకోవచ్చని అడుగుతుంటారు. లాస్‌లు లేని పరీక్షల్లో అర శాతం దాటితే నేను కారణం వెతుకుతాను, క్రీప్ ఉన్నవాటిలో ఐదు శాతం దాకా ఓపిక పడతాను. వెర్షన్ నంబరు, తేదీ, ఎవరు రన్ చేశారో రాయండి. కొత్త వెర్షన్ వేసిన రోజే పాత ఫైళ్లని మళ్లీ రన్ చెయ్యండి. ఒకసారి అప్‌డేట్ తర్వాత డక్ట్ ఏరియా తీసేసే ఆప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉండటం మా పేజీల్లోనే బయటపడింది.

రన్ చేసేది, చేతిలెక్క చేసేది ఒకే మనిషి కాకుండా చూడండి. ఇద్దరే ఉన్న ఆఫీసు అయినా సరే. మా దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరు చేతిలెక్క చేస్తారు, సీనియర్ మోడల్ చేస్తారు. తేడా వస్తే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

సైటు రీడింగులు కూడా ఇదే ఫైల్‌లోకి రావాలి. "ఓకే, లిమిట్ లోపల ఉంది" అన్న మాట నాకు సరిపోదని స్ట్రెస్సింగ్ బృందానికి చెప్పి పెట్టాను. ప్రతి కేబుల్‌కీ వచ్చిన ఎలాంగేషన్‌ని మిల్లీమీటర్లలో, లాగిన వరసలో వాట్సాప్‌లో పంపుతారు. నేను గ్రాఫ్ పేపర్ మీద మధ్యలో లెక్క ప్రకారం రావాల్సిన అంకె దగ్గర గీత గీసి, ప్రతి రీడింగుకీ పైనో కిందో ఒక చుక్క పెడతాను. మొదటి ఐదు చుక్కలూ ఒకే వైపు పడితే ఆరో కేబుల్ లాగకుండా ఆపమని ఫోన్ చేస్తాను.